ఆ పదకొండు సెకన్లు

మా చెల్లెలి మనవరాలు జర్నలిజం చదువుతోంది. మొన్న దసరా సెలవులకు వచ్చి వరసగా రెండు రాత్రులు రెండు డాక్యుమెంటరీలు చూసింది. రెండూ వికీలీక్స్ జూలియన్ అసాంజ్ గురించినవే. ఒకటి 2013లో అలెక్స్ గిబ్నీ తీసిన ‘వుయ్ స్టీల్ సీక్రెట్స్’, రెండోది లారా పోయ్‌ట్రాస్ తీసిన ‘రిస్క్’. మూడోనాడు పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకొచ్చి నా పక్కన కూచుంది. “తాతయ్యా, రెంటిలో ఉన్నదీ ఒకే మనిషేనా? ఇలాంటివాళ్ల మీద నిష్పక్షపాతంగా సినిమా తీయడం అసలు కుదురుతుందా?” అని అడిగింది.

నేను మద్రాసు కోడంబాకంలో అసిస్టెంట్ ఎడిటరుగా చేరినవాణ్ణి. తర్వాత హైదరాబాదు వచ్చి లఘుచిత్రాలు, డాక్యుమెంటరీలు ఎడిట్ చేస్తూ మొత్తం 38 ఏళ్లు ఆ గదుల్లోనే గడిపాను. అయినా దాని ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. తర్వాత నాలుగు రోజులు ఆలోచించి కాగితం మీద పెట్టినవి ఇవి.

1. నిష్పక్షపాతం అన్న మాటను ఎడిటింగ్ గది గడప అవతలే వదిలేశాను.

40 గంటల రషెస్, అంటే కత్తిరించని దృశ్యాలు, వస్తాయి. సినిమా గంట. 39 గంటలు పోవాలి. ఏది పోవాలో చెప్పే యంత్రం లేదు, ఒక మనిషి కూచుని తేల్చాలి. ఆ మనిషికి ఒక ఊరు ఉంటుంది, కొన్ని కోపాలుంటాయి, ఎవరి ఉప్పో తిని ఉంటాడు.

చిన్నప్పుడు మా ఊరి టూరింగ్ టాకీసులో అసలు బొమ్మకు ముందు ఫిల్మ్స్ డివిజన్ వార్తాచిత్రం వేసేవారు. ఆనకట్టలు, వరద సాయం, మంత్రుల ప్రారంభోత్సవాలు. వ్యాఖ్యానం చెప్పే గొంతు ఎంత గంభీరంగా ఉండేదంటే, దానికి ఒక పక్షం ఉంటుందన్న అనుమానమే రాలేదు నాకు. ఆనకట్ట కనబడేది. ఆ నీళ్ల కింద ఊళ్లు పోగొట్టుకున్నవాళ్లు కనబడేవారు కాదు. పక్షం లేనట్టు వినిపించే గొంతు వెనక ఎవరున్నారని వెతకడం నాకు ఆ తర్వాతే అలవాటైంది.

అందుకని నేను సినిమాను న్యాయం అడుగుతాను. వకీలుకు పక్షం ఉంటుంది, ఉన్నందుకు ఎవరూ తప్పుపట్టరు. కానీ తన కక్షిదారుకు అడ్డొచ్చే కాగితాన్ని మాయం చేస్తే అది నేరం. ఎవరి కథ చెబుతున్నా ఆ హద్దు సినిమాకూ వర్తిస్తుందని నేను నమ్ముతాను.

2. మనిషి తెర మీదికి రాకముందే మన భాష అతని మీద తీర్పు చెప్పేసి ఉంటుంది.

విజిల్‌బ్లోయర్‌ను మన పత్రికలు ప్రజావేగు అంటున్నాయి. వేగు అంటే పూర్వం రాజుగారి గూఢచారి. ఆ పాత పదానికి ముందు ‘ప్రజా’ అని చేర్చి మంచివాణ్ణి చేశాం. అమెరికా నిఘా రహస్యాలు బయటపెట్టిన స్నోడెన్ చుట్టూ జరిగిన గొడవంతా ఆ ఒక్క మాటలోనే ఉంది: ఎవరి వేగు? ఇంటిగుట్టు లంకకు చేటు అన్న సామెత ఉండనే ఉంది. శరణాగతి ఘట్టం వింటూ విభీషణుడికి చేతులెత్తి మొక్కేవాళ్లమే, బిడ్డకు ఆ పేరు మాత్రం పెట్టుకోం.

డేనియల్ ఎల్స్‌బర్గ్‌ను చూడండి. వియత్నాం యుద్ధం మీద 7,000 పేజీల రహస్య నివేదికను ఫొటోకాపీలు తీసి పత్రికలకిచ్చాడు. 1971 జూన్ 13న న్యూయార్క్ టైమ్స్ అచ్చువేయడం మొదలుపెట్టింది. 115 ఏళ్ల దాకా శిక్ష పడగల కేసులు పెట్టారు. ప్రభుత్వమే అక్రమాలకు పాల్పడిందని తేలడంతో 1973లో జడ్జి కేసు కొట్టేశాడు. అమెరికాలోకెల్లా ప్రమాదకరమైన మనిషి అని కిసింజర్ ఆయన్ను అన్నాడంటారు. 2009లో వచ్చిన డాక్యుమెంటరీకి ఆ మాటనే పేరుగా పెట్టారు. కథ చెప్పేది ఎల్స్‌బర్గే, ఆయన గొంతే. అంతకన్నా ఏకపక్షం ఇంకేముంటుంది? అయినా అందులో తాను యుద్ధయంత్రంలో పనిచేసిన రోజుల్ని, ఆ యుద్ధం కోసం చేసిన పనుల్ని కూడా ఆయనే చెబుతాడు. అందువల్లే నేను దాన్ని న్యాయమైన సినిమా అంటాను. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోవాలి. అది వచ్చేసరికి 38 ఏళ్లు గడిచాయి, దేశం ఆయన వైపు తిరిగింది. తిట్లు తింటున్న రోజుల్లోనే ఒక మనిషి గురించి న్యాయంగా తీయడం వేరే సంగతి.

3. కెమెరా ఆ గదిలోనే ఉంటే సాక్ష్యానికి బలం వస్తుంది, కళ్లకు దూరం పోతుంది.

2013 జూన్‌లో హాంకాంగ్‌లోని మీరా హోటల్ గదిలో 29 ఏళ్ల ఎడ్వర్డ్ స్నోడెన్ మంచం మీద కూచుని ఉంటాడు. పోయ్‌ట్రాస్ కెమెరా ఎనిమిది రోజులపాటు అక్కడే ఉంది. అప్పటికి అతనెవరో లోకానికి తెలియదు. వార్త బయటికి రాకముందు ఒకలా, వచ్చాక ఒకలా మారిన ఆ ముఖాన్ని ఎవరూ తర్వాత కల్పించలేరు. ఆ రషెస్‌తో ఆమె చేసిన ‘సిటిజన్‌ఫోర్’ 2015లో ఆస్కార్ తెచ్చుకుంది. నా వృత్తిలో అంత అరుదైన రషెస్ ఎవరికైనా దొరికాయంటే చేతులు జోడిస్తాను.

కానీ పోయ్‌ట్రాస్ అక్కడ ప్రేక్షకురాలు కాదు. స్నోడెన్ పత్రాలు అందుకున్నవాళ్లలో ఆమె ఒకరు. ఇరాక్ మీద సినిమా తీసినప్పటినుంచి అమెరికా సరిహద్దుల్లో ఆమెను పదేపదే ఆపి సోదా చేసేవారు. ఆ బాధతోనే బెర్లిన్ వెళ్లి ఉంది. ఇవేవీ ఆమె దాచలేదు. సినిమా మొదట్లోనే తన గొంతుతో చెబుతుంది. మరి ప్రభుత్వం వైపు మాట? అధికారులు చట్టసభల కమిటీల ముందు అబద్ధమాడుతున్న దృశ్యాలున్నాయి. వాళ్లు నిజంగానే అబద్ధమాడారు. అయితే అవతలి పక్షాన్ని దాని అబద్ధంలో మాత్రమే చూపిస్తే, దానికి ఒక వాదన కూడా ఉండొచ్చన్న ఆలోచన చూసేవాడికి తట్టదు. స్నోడెన్ తీసుకెళ్లిన పత్రాల్లో చాలావాటికి పౌరుల గోప్యతతో సంబంధమే లేదని 2016లో అమెరికా ప్రతినిధుల సభ ఇంటెలిజెన్స్ కమిటీలో రెండు పార్టీల సభ్యులూ అన్నారు. జనం ఫోన్ రికార్డుల్ని మూకుమ్మడిగా సేకరించడం చట్టవిరుద్ధమని 2020లో అక్కడి అప్పీలు కోర్టు తేల్చింది. 2022లో స్నోడెన్‌కు రష్యా పౌరసత్వం వచ్చింది. మూడూ సినిమా తర్వాతివే. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టుకోకుండా అతని గురించి మాట్లాడేవాళ్లతో నేను వాదనకు దిగను.

4. రానివాడి కుర్చీ ఖాళీగా ఉందని చూపించాలి. ఆ ఖాళీలో మన ఊహను కూచోబెట్టకూడదు.

గిబ్నీ సినిమా పూర్తయ్యేనాటికి అసాంజ్ లండన్‌లో ఈక్వెడార్ దౌత్య కార్యాలయంలో ఉన్నాడు. ఇంటర్వ్యూ ఇవ్వలేదు. పది లక్షల డాలర్లు తనతో ఇంటర్వ్యూకు బజారు ధర అన్నాడని గిబ్నీ చెప్పాడు. వికీలీక్స్ అది ఒప్పుకోలేదు. సినిమా సంభాషణల్ని కాగితం మీద పెట్టి, తప్పులని తాము అనుకున్నవాటికి వరసగా జవాబులు రాసి బయటపెట్టింది. ఎవరి మాట నిజమో నేను తేల్చలేను. కానీ పేరు సంగతి తేల్చగలను. ‘వుయ్ స్టీల్ సీక్రెట్స్’, అంటే మేం రహస్యాలు దొంగిలిస్తాం. పోస్టరు చూసినవాడు ఆ మాట వికీలీక్స్ అన్నదనుకుంటాడు. సినిమాలో ఆ మాట అనేది సీఐఏ, ఎన్ఎస్ఏ సంస్థలకు డైరెక్టరుగా పనిచేసిన మైకేల్ హేడెన్, తన ప్రభుత్వం చేసే పని గురించి. టికెట్టు కొన్నవాడికే ఆ సంగతి తెలుస్తుంది. కొననివాడి మనసులో దొంగతనం అసాంజ్ ఖాతాలో పడిపోయింది. పేరు పెట్టడం కూడా ఎడిటింగే. ఆ విషయంలో గిబ్నీ అన్యాయం చేశాడని నా అభిప్రాయం.

5. తీస్తూ తీస్తూ మనసు మారితే ఆ మార్పు సినిమాలో కనబడాలి.

‘రిస్క్’ మొదట 2016లో కాన్ ఉత్సవంలో చూపించారు. మరుసటేడు హాళ్లలోకి వచ్చింది వేరే సినిమా. మొదటిదానికన్నా రెండోది కటువుగా ఉంది. స్వీడన్‌లో తనమీద లైంగిక ఆరోపణలు చేసిన స్త్రీల గురించి అసాంజ్ తన లాయరు దగ్గర మాట్లాడే తీరు అందులో ఉంది. కొన్ని సన్నివేశాలు తీసేయమని అటునుంచి ఒత్తిడి వచ్చిందని పోయ్‌ట్రాస్ చెప్పింది. చిత్రీకరణకు ఒప్పుకున్నప్పుడు అనుకున్నది ఇది కాదని వికీలీక్స్ లాయర్లు బహిరంగంగా తప్పుపట్టారు. స్వీడన్ కేసులో ఆయన ఆరోపణల్ని ఖండించాడు, 2019లో అక్కడ దర్యాప్తు ఆగిపోయింది. ఈ మాట కూడా ఇక్కడే చెప్పాలి.

రెండో రూపంలో పోయ్‌ట్రాస్ తన డైరీని చదువుతుంది. ఈ మనిషిలోని వైరుధ్యాలు కథలో భాగం కావనుకుని పొరబడ్డానని ఒప్పుకుంటుంది. సినిమాలో కనబడే మరో కార్యకర్త మీద తర్వాత లైంగిక ఆరోపణలొచ్చాయి, అతను కాదన్నాడు. ఒకప్పుడు అతనితో తనకు సాన్నిహిత్యం ఉండేదని ఆమె తెర మీదే చెప్పేసింది. ఆ మాట చెప్పడానికి ఆమెకు ఎంత కష్టమైవుంటుందో ఆ వాక్యం పలికిన తీరే చెబుతుంది. ఇష్టంతో మొదలుపెట్టి, నలిగి, తన పాదముద్రలు చెరపకుండా వెనక్కి నడిచింది. మనవరాలికి ఆ సినిమా గందరగోళంగా అనిపించిందట. నిజమే, గందరగోళంగానే ఉంది. రెంటిలో నేను దాన్నే ఎక్కువ నమ్ముతాను.

6. కథానాయకుడి మచ్చ తుడిస్తే అతన్ని కాపాడినట్టు కాదు.

ఇది నేను చేసిన తప్పు. 1996 ప్రాంతంలో ఒక అరగంట చిత్రం చేశాం. కోస్తాలో ఒక పల్లె. అక్కడి సహకార పరపతి సంఘంలో అప్పు తీసుకోని రైతుల పేర అప్పులు రాసి డబ్బు కాజేశారు. బయటపెట్టింది ఆ సంఘం గుమాస్తాయే. ఉద్యోగం పోయింది. ఊళ్లో పెద్దలు మాట్లాడటం మానేశారు. మా దర్శకుడు కుర్రవాడు, మంచివాడు. గుమాస్తా అంటే అతనికి ఎంతో గౌరవం. ఇంటర్వ్యూలో ఒకచోట అడిగాడు: “మరి మూడేళ్లపాటు ఆ దొంగ పద్దులు రాసింది మీరే కదా?” గుమాస్తా మాట్లాడలేదు. కండువా అంచు వేలికి చుట్టుకుంటూ కిందికి చూశాడు. కౌంటర్ మీద లెక్కపెట్టాను, 11 సెకన్లు. తర్వాత, “భయపడి రాశానండి. పిల్లలున్నారు,” అన్నాడు.

దర్శకుడు ఆ ముక్క తీసేయమన్నాడు. “అవతలివాళ్లకు మనమే కత్తి అందించినట్టవుద్ది గురువుగారూ” అన్నాడు. నాకూ సబబే అనిపించింది. తీసేశాను. అతుకు కనబడకుండా మధ్యలో గోదాము తలుపు షాటు వేశాను. పని చాలా శుభ్రంగా వచ్చింది.

ఆ చిత్రాన్ని ఆ ఊళ్లోనే రామాలయం ముందు టీవీ పెట్టి చూపించాం. అయిపోగానే వెనకనుంచి ఒక రైతు లేచాడు. తన పేర దొంగ అప్పు పడ్డవాళ్లలో అతనూ ఒకడు. “ఆ పద్దులు రాసింది ఈయనే గదండీ. ఆ మాట ఇందులో లేదేం?” అన్నాడు. అక్కడితో మా సినిమా అయిపోయింది. మేం చూపించిన రశీదులు, వేలిముద్రలు, పద్దు పుస్తకాలు అన్నీ నిజమైనవే. ఆ క్షణంనుంచి ఒక్కదాన్నీ ఎవరూ నమ్మలేదు. మోసం చేసినవాళ్లు ఆ జనంలోనే కూచుని ఉన్నారు, వాళ్లు నోరు తెరవాల్సిన అవసరమే రాలేదు. ఆ రాత్రి గుమాస్తా బస్సు దాకా మాతో నడిచి వచ్చాడు. “నేను చెప్పానుగదండీ, ఎందుకు తీసేశారు?” అని అడిగాడు. నేనేమీ అనలేకపోయాను.

గుట్టు తెలిసేది గుట్టులో ఉన్నవాడికే. చేతులు కడుక్కున్నవాడికి ఏం తెలుస్తుంది? 2018లో ఆస్కార్ అందుకున్న ‘ఇకారస్’ చూస్తున్నంతసేపూ ఆ గుమాస్తానే గుర్తొచ్చాడు. బ్రయాన్ ఫోగెల్ ఔత్సాహిక సైక్లిస్టు. మందులు వాడి పరీక్షల్లో దొరక్కుండా ఎలా ఉండొచ్చో తన ఒంటి మీదే చూపిద్దామని మొదలుపెట్టాడు. సలహాకు దొరికినవాడు గ్రిగొరీ రోద్‌చెంకోవ్, మాస్కో డోపింగ్ పరీక్షల ల్యాబ్ డైరెక్టరు. 2014 సోచి ఒలింపిక్స్‌లో గోడకు పెట్టిన కంతలోంచి రాత్రిపూట మూత్రం సీసాలు మార్పించినవాడు. 2015 నవంబరులో ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా నియమించిన స్వతంత్ర కమిషన్ నివేదికలో అతను నిందితుడు, 1,417 నమూనాలు పారబోయించినవాడు. ఆ నెలలోనే అమెరికాకు పారిపోయి వచ్చాడు. వచ్చే ఏర్పాట్లలో ఫోగెల్ చేయి కూడా ఉంది. అంటే సినిమా తీసేవాడు స్నేహితుడైపోయాడు. ఆ సినిమాలో ఆప్యాయత ఎక్కువే. కానీ ఈ పని చేసింది నేనే అని రోద్‌చెంకోవ్ చెప్పే మాటల్ని ఫోగెల్ కత్తిరించలేదు. నేను చేయలేని పని అతను చేశాడు.

7. సాక్షి ముఖం చూపించని సినిమాను ఆచితూచి నమ్మాలి.

2016లో ‘వాక్స్‌డ్’ అని ఒకటి వచ్చింది. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీలో ఒక శాస్త్రవేత్త టీకాల గుట్టు విప్పాడని దాని కథ. తీసినవాడు ఆండ్రూ వేక్‌ఫీల్డ్. ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టి 1998లో 12 మంది పిల్లల మీద ఆయన రాసిన వ్యాసాన్ని లాన్సెట్ పత్రిక 2010లో వెనక్కి తీసుకుంది. అదే ఏడాది బ్రిటన్‌లో వైద్యుల జాబితాలోంచి ఆయన పేరు పోయింది. తన పేరు కడుక్కోవడానికి ఇంకొకరిని ప్రజావేగుగా నిలబెట్టాడు. ఆ శాస్త్రవేత్త కెమెరా ముందుకు రానేలేదు, ఫోన్ మాటలే వినబడతాయి. తనకు తెలియకుండా రికార్డు చేశారని, పిల్లలకు టీకా మానమని తానెన్నడూ అననని ఆయన 2014లోనే ప్రకటన ఇచ్చాడు. ట్రైబెకా సినిమా ఉత్సవం వాళ్లు మొదట చోటిచ్చి తర్వాత తీసేశారు. తీసేయడమే సరి. పక్షాన్ని నేను క్షమిస్తాను. పిల్లల ప్రాణాలు అడ్డం పెట్టి చేసే పనిని క్షమించను.

8. ఒకసారి సౌండ్ తీసేసి చూడండి. రీరికార్డింగ్‌లో వీణ వేస్తే సాధువు, డ్రమ్ము వేస్తే కుట్రదారు అవుతాడు అదే మనిషి. ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

9. మన దగ్గర ప్రశ్న ఇంకా వెనకనుంచే మొదలవుతుంది.

జాతీయ రహదారుల సంస్థలో ఇంజనీరు సత్యేంద్ర దూబే స్వర్ణ చతుర్భుజి పనుల్లో అక్రమాల గురించి ప్రధాని కార్యాలయానికి ఉత్తరం రాశాడు. తన పేరు బయట పెట్టొద్దని కోరాడు. పేరు దస్త్రాల వెంట తిరిగింది. 2003 నవంబరు 27న గయలో కాల్చి చంపారు. అది దోపిడీలో జరిగిన హత్యేనని సీబీఐ తేల్చింది, 2010లో ముగ్గురికి జీవితఖైదు పడింది. ఆ నిర్ధారణను ఒప్పుకోనివాళ్లు ఇంకా ఉన్నారు. ఆయన మీద సినిమా తీసేవాడు ఈ రెండు మాటలూ చెప్పాలి. చెప్పడానికి ఆయన మాత్రం లేడు. విజిల్‌బ్లోయర్ల రక్షణ చట్టం 2014లో పార్లమెంటు దాటి రాష్ట్రపతి సంతకమూ పొందింది. అమల్లోకి తెచ్చే నోటిఫికేషన్ మాత్రం ఏళ్లు గడిచినా రాలేదు.

సత్యం కంప్యూటర్స్ కథ మన హైదరాబాదుదే. 2009 జనవరి 7న లెక్కల మోసం ఒప్పుకుంటూ చైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరం రాకముందే, లోపలివాడెవరో మారుపేరుతో బోర్డు సభ్యుడొకరికి ఈమెయిల్ పెట్టాడు. ఆ మనిషి గురించి ఇన్నేళ్లలో నాకు ఒక్క మంచి చిత్రం కనబడలేదు. 2020లో నెట్‌ఫ్లిక్స్ ‘బ్యాడ్ బాయ్ బిలియనీర్స్’ తెచ్చినప్పుడు రాజు హైదరాబాదు సివిల్ కోర్టుకు వెళ్లి తన భాగం మీద స్టే తెచ్చుకున్నాడు. ఆ అక్టోబరులో మిగతా మూడు భాగాలే వచ్చాయి. 2015లో శిక్ష పడ్డాక ఆయన అప్పీలుకు వెళ్లాడు, న్యాయమైన విచారణ పొందే హక్కు ఆయనకూ ఉంది. అది నేను కాదనను. కానీ చూడని సినిమా న్యాయంగా ఉందో లేదో ప్రేక్షకుడు ఎలా చెబుతాడు? బయటికి రానిచ్చి, తప్పుంటే కోర్టులో నిలదీసే పద్ధతి నాకు మేలనిపిస్తుంది.

10. రషెస్ పారేయొద్దు.

మనవరాలు వచ్చే ఏడు చదువులో భాగంగా తనే ఒక చిత్రం తీస్తానంటోంది, సమాచార హక్కు దరఖాస్తులు పెట్టి ఊరి పనుల లెక్కలు అడిగిన ఒకాయన మీద. దానికి ఒకటే చెప్పాను. అమ్మా, నీకు ఆయన మీద ఇష్టం ఉంటే ఉండనీ, ఆ సంగతి మొదట్లోనే చెప్పు. లెక్కలడిగించుకున్నవాళ్ల గుమ్మం ముందుకు కెమెరా తీసుకెళ్లు. తలుపు తీయకపోతే మూసిన తలుపు చూపించు. ఆయన్ని అడగడానికి నీకు మొహమాటం కలిగించే ప్రశ్న ఏదో అదే మొదట అడుగు. నువ్వు కత్తిరించిన ప్రతి ముక్కనూ రెండు చోట్ల దాచు. పదేళ్ల తర్వాత ఎవరైనా వచ్చి అసలు ఏమన్నాడని అడిగితే తీసి చూపించగలగాలి.

మా పరపతి సంఘం చిత్రం యూమాటిక్ కేసెట్లు ఒక గోదాములో ఉండేవి. ఓ వానాకాలం నీళ్లొచ్చి టేపులన్నీ బూజుపట్టి అతుక్కుపోయాయి. గుమాస్తా 2011లో చనిపోయాడు. ఆయన గొంతుతో “భయపడి రాశానండి” అన్న ఆ ముక్క ఇప్పుడు ఎక్కడా లేదు.